మాల్దీవులకీ, మన అడవులదీవికీ ఒకటే మాట

పిల్లలకి మాల్దీవులు అంటే నీళ్ల మధ్య కర్రల మీద నిలబెట్టిన గదులు. మా ఆయనకి అది బ్యాంకు అప్పు. మా అత్తయ్యకి "అంత దూరమా" అనే మాట. నాకు మాత్రం ఈ మధ్య ఆ పేరులోని చివరి మాట మీదే దృష్టి పడింది. సంస్కృతంలో ద్వీపం, ప్రాకృతంలో దీవ, మనకి వచ్చేసరికి దీవి. మాల్దీవులు అంటే దీవుల మాల అని చెబుతారు. అక్కడివాళ్లు మాట్లాడే భాష పేరు దివేహి. అందులో ఉన్నదీ ఆ దీవే. మా తెనాలి నుంచి రేపల్లె మీదుగా నిజాంపట్నం వైపు వెళితే అడవులదీవి అనే ఊరుంది. అందులోనూ అదే దీవి. అదే హంసలదీవి, అదే దివిసీమ.

సంక్రాంతి సెలవులకి ఎక్కడికెళ్లాలి అన్న గొడవలోంచి పుట్టిన వ్యాసం ఇది. కానీ రాస్తూ ఉంటే గొడవ కన్నా చరిత్రే ఎక్కువైంది. ఓపికగా చదవండి.

ముందు ఊళ్ల పేర్ల సంగతి. కృష్ణా డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ పేర్లు మారిపోతుంటాయి. నాగాయలంక, సూర్యలంక, ఎలచెట్లదిబ్బ, హంసలదీవి, అడవులదీవి. లంక అన్నా, దిబ్బ అన్నా, దీవి అన్నా నీళ్ల మధ్య తేలిన నేలే. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమని చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది. వేల ఏళ్లుగా ఆ నది మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని, ఆ ఒండ్రు మీద మడచెట్లు మొలిచి, వాటి వేళ్లు ఇంకొంచెం మట్టిని పట్టుకుని, అలా అలా నేల ముందుకి జరిగింది. నీళ్లు వెనక్కి తగ్గినా పేరు మాత్రం ఊరుతోనే ఉండిపోయింది. అందుకే మా పాప పటం చూసి "దీవి అన్నావు, చుట్టూ నీళ్లేవమ్మా?" అని అడిగినప్పుడు, నీళ్లు పక్కకి తప్పుకున్నాయి నాన్నా అని చెప్పాను. ఆ మాట పూర్తిగా నిజం కాదని తర్వాత మా అత్తయ్య చెప్పింది. ఆ సంగతికి వస్తాను.

ఈ మూల ఊళ్లని మనం ఇప్పుడు మారుమూల అంటున్నాం గానీ, నాలుగు వందల ఏళ్ల కిందట ఇది ప్రపంచానికి తెలిసిన తీరం. నిజాంపట్నానికి పాత పేరు పెద్దపల్లి. విదేశీ వర్తకులు దాన్ని పెటపోలి అని రాసుకున్నారు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ ముందు ఈ రేవుకే వచ్చి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లింది. వాళ్లు వచ్చింది మన బట్టల కోసం. ఈ ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసే ఎరుపు రంగుకి ఎంతో పేరు. ఎన్ని ఉతుకులు పడినా వెలవని ఎరుపు అది. ఆ వేళ్లని తవ్విన చేతుల్లో, రంగు తొట్ల దగ్గర నిలబడ్డ వాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో! ఓడ పేరు చరిత్రలో ఉంది, వాళ్ల పేర్లు లేవు. 1759లో మచిలీపట్నంతో పాటు నిజాంపట్నం కూడా నిజాం చేతుల్లోంచి ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది. వాళ్ల ఓడ పటాల్లో దివి పాయింట్ అని, ఫాల్స్ దివి పాయింట్ అని గుర్తులుండేవి. చూడండి, అక్కడా మన దీవే.

ఇక ఆడవాళ్లు ఈ సముద్రం దగ్గరికి ఎప్పుడు వెళ్లారు? విహారానికి మాత్రం కాదు. మనవాళ్లలో ఇల్లాలికి సెలవు అంటే ఒకటే దారి, తీర్థం. కార్తీక పున్నమికో మాఘ పున్నమికో సముద్ర స్నానం అంటే అత్తగారూ అడ్డు చెప్పలేదు, మామగారూ అడ్డు చెప్పలేరు. దేవుడి పేరు చెబితే గడప దాటొచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు ఇంటి ఆడవాళ్లతో సహా వందమంది దాకా వెంట ఉన్నారు. పదిహేను నెలల ప్రయాణం. ఆయన దారి పొడుగునా చూసినవన్నీ రాసిపెట్టారు. ఆ ఆడవాళ్లు ఏం చూశారో, రాత్రి మజిలీలో ఏం మాట్లాడుకున్నారో వాళ్లు కూడా రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

మా వైపు ఆ తీర్థాలకి దారి వేసింది కాలువలు. 1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. దాంతో డెల్టా అంతా కాలువలు పారాయి. తెనాలి మధ్యలోంచి పోయే మూడు కాలువల్లో ఒకదాని పేరు నిజాంపట్నం కాలువ. నీళ్లు పొలానికే కాదు, పడవకీ పనికొచ్చాయి. మా మావయ్య వాళ్ల నాయనమ్మ పెళ్లైన కొత్తలో ఇంటిల్లిపాదితో పడవెక్కి సముద్ర స్నానానికి వెళ్లిందట. పులిహోర, దద్ధ్యోజనం, అరిసెల డబ్బా, చంటిపిల్ల ఉయ్యాలకి పాత చీర. గట్టు మీద మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది కూడా ఆవిడే. ఊరు మారింది గానీ వంట మారలేదన్నమాట! తర్వాత 1916లో రేపల్లెకి రైలొచ్చింది. 1956లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఎల్టీసీ వచ్చింది. అప్పటి నుంచి దేవుడి పేరు చెప్పకుండా కూడా కుటుంబంతో ఊరెళ్లొచ్చని జనానికి మెల్లగా అలవాటైంది. మాల్దీవుల్లో మొదటి రిసార్టు తెరిచింది కూడా 1972లోనే. అంటే ఈ సముద్ర విహారం అనే ముచ్చట మనకే కాదు, వాళ్లకీ కొత్తదే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, అత్తయ్య, మావయ్య, మేమిద్దరం. మాల్దీవులు ఎలాగూ కుదరదు కాబట్టి, సముద్రం ఒడ్డున రెండు రాత్రులు ఉందామని నేనన్నాను. అందరూ సరే అన్నారు. అత్తయ్య మాత్రం "పగలు వస్తాను, రాత్రి ఉండను" అంది. అత్తాకోడళ్ల కథల్లో ఇలాంటి మాటకి రకరకాల అర్థాలు తీస్తాం కదా. నేనూ కాసేపు తీశాను. ఆవిడే కూర్చోబెట్టి చెప్పింది.

1977 నవంబరు 19, శనివారం. ఆవిడకి అప్పుడు పన్నెండేళ్లు. పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లె. రోజంతా గాలి. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. దాన్ని మనవాళ్లు ఉప్పెన అన్నారు. సర్కారు లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. అంతకన్నా చాలా ఎక్కువే అనేవాళ్లున్నారు. అత్తయ్య వాళ్లది డాబా ఇల్లు కాబట్టి బతికారు. ఏటికి అవతల ఉన్న వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. అతను తుమ్మచెట్టు పట్టుకుని ఉండిపోయాడట. వారం తర్వాత వచ్చాడు, ఒళ్లంతా ముళ్ల గీతలతో. "ఆ రాత్రి ఊళ్లన్నీ మళ్లీ దీవులైపోయాయమ్మా" అంది అత్తయ్య. నీళ్లు పక్కకి తప్పుకున్నాయని నేను పాపకి చెప్పిన మాటకి అదీ జవాబు.

అక్కడితో ఆగలేదు కథ. ఆ ఉప్పెన తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల పద్ధతి మారింది. 1990 మేలో అంతకి తీసిపోని తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పోయినవాళ్లు వెయ్యిమంది లోపు. అదీ తక్కువ కాదు. కానీ పదమూడేళ్లలో ఎంత తేడా! ముందుగా అందిన కబురు, పక్కా గోడలు నాలుగు. ప్రాణాలు నిలిపినవి ఇవే.

ఇంకోటి కూడా ఉంది. మడ అడవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్లు అలని మెత్తబరుస్తాయి, ఒడ్డుని పట్టుకుంటాయి. పీతలకి, రొయ్య పిల్లలకి పుట్టిల్లు అదే. అడవులదీవి పేరులో మొదటి సగం ఊరికే రాలేదు. 1990ల్లో రొయ్యల చెరువుల జోరు మొదలయ్యాక ఈ తీరంలో చాలాచోట్ల మడకి కష్టమొచ్చింది. 1991లో తీర నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. ఆ చెరువుల డబ్బుతో డాబా వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి, ఉప్పు నీరెక్కి తాగునీళ్ల కోసం బిందె పట్టుకుని దూరం నడిచిన ఆడవాళ్లూ ఉన్నారు. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో.

మేం ఏం చేశామంటే, పగలంతా అక్కడ తిరిగి రాత్రికి రేపల్లెలో పడుకున్నాం. పిల్లలు నిజాంపట్నం రేవులో పడవలు లెక్కపెట్టారు, ఇరవై దాటాక బాబుకి అంకెలు అయిపోయాయి. మడచెట్ల దగ్గర బురదలో కాలు పెట్టి చెప్పు పోగొట్టాడు కూడా. అత్తయ్య వాళ్లకి శ్వాస వేళ్లు చూపించి, చెట్టు ముక్కు పైకి పెట్టుకుని ఊపిరి పీలుస్తుందని చెప్పింది. మావయ్య వాళ్ల నాయనమ్మ పడవ కథ చెప్పారు. తుపాను షెల్టరు చూపించి, "ఇదేంటి నాయనమ్మా?" అని పాప అడిగితే అత్తయ్య మొత్తం చెప్పింది. భయపెట్టకుండా, దాచిపెట్టకుండా. రెండు రోజులూ వంట మాత్రం ఎవరూ చెయ్యలేదు. హోటల్లో ఇడ్లీ తింటూ అత్తయ్య, "మా అత్తగారు చూస్తే ఏమనేదో" అని నవ్వింది.

మీరూ అత్తమామలతో, చిన్నపిల్లలతో సముద్రానికి వెళ్లాలనుకుంటే నాదొక మాట. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, మేలోనూ వస్తాయి. సంక్రాంతి తర్వాతైతే గాలి నెమ్మదిస్తుంది. గది బుక్ చేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి అడగండి, సముద్రం గురించి వాళ్లకేం గుర్తుందో. వాళ్లు వద్దన్నారంటే దాని వెనక ఒక తారీఖు ఉండొచ్చు. మా ఇంట్లో ఆ తారీఖు మా పాప తన నోటు పుస్తకంలో రాసుకుంది. కింద ఒక చెట్టు బొమ్మ వేసి, దానికి ముక్కు కూడా పెట్టింది.