తంగళ్ళపల్లి దిగువన: డెల్టాను కొలిచిన తీరు

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లలో తంగళ్ళపల్లి 56 జె/15లో ఉంటుంది. ఊరి పక్క నుంచి పారే మానేరు మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు 65 హెచ్, 65 ఎల్ షీట్లలో సముద్రం చేరుతుంది. ఎగువన మిడ్ మానేరు జలాశయం పూర్తి నీటిమట్టమే 318 మీటర్లు. డెల్టా మొదలయ్యే ధవళేశ్వరం దిగువన నేల చాలాచోట్ల 20 మీటర్లు కూడా ఉండదు. 1:50,000 పటంలో మామూలుగా 20 మీటర్లకొక కాంటూరు గీత గీస్తారు కనుక డెల్టా షీట్లు చదునుగా, ఖాళీగా కనిపిస్తాయి.

1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వేకు గుట్టలు కావాలి. ఒక గుట్ట మీద నిలబడి ఇంకో గుట్టను చూసి కోణం కొలవాలి. తెలంగాణలో గుట్టలకు కొదవ లేదు. డెల్టాలో అవే లేవు. కావేరి డెల్టాలో లాంబ్టన్ గుడి గోపురాలెక్కాడు. 1808లో తంజావూరులో అరటన్ను థియోడొలైట్‌ను పైకి లాగుతుంటే అది గోడకు కొట్టుకుని దెబ్బతింది. గోదావరి డెల్టాలోని కోరంగి మడ అడవుల్లో ఎక్కడానికి గోపురమూ లేదు.

అందుకే గోదావరి డెల్టాలో అసలు పని నేల ఎత్తులు కొలిచే లెవెల్ సర్వేది. 1790లలో మైకేల్ టాపింగ్ కృష్ణా, గోదావరి నీటిని సాగుకు మళ్ళించే వీలుందేమోనని ఈ నేలలు కొలిచాడు. 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. 1844లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి నీటిని సాగుకు మళ్ళించడంపై నివేదిక రాశాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. ఇక్కడ లెవెళ్ళు చెప్పే సంగతి విచిత్రమైనది: ఏటా ఒండ్రు పడి గట్లే ఎత్తు, పొలాలు పల్లం. నదికి దూరమయ్యేకొద్దీ నేల దిగుతుంది. కాలువలు సులువుగా పారడానికి ఆ వాలే ఆధారం.

సముద్రం వైపు పటం ఎక్కువకాలం నిలవదు. ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 తుపానుకు నాశనమైంది, మేట వేసింది. వ్యాపారం కాకినాడకు మళ్ళింది. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరానికి సాగి హోప్ ఐలాండ్ అయింది.

మరో చిక్కు బురద నేలది. భూమి పటాల్లో ఎత్తును సగటు సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. నావికుల చార్టుల్లో లోతును పాటు నీటిమట్టం నుంచి లెక్కిస్తారు.  పోటుకు మునిగి పాటుకు తేలే కోరంగి బురద తిప్పలకు ఆ రెండు లెక్కలూ కలిపి చూసుకోవాలి.