యుద్ధకాలపు రైలు ప్రయాణం: వరంగల్, 1939–45

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వరంగల్ నుంచి పండుగకో, పెళ్లికో, తీర్థానికో రైల్లో వెళ్లడం కష్టంగా మారింది. ఊరు నిజాం స్టేట్ రైల్వే మార్గంలో ఉండేది. 1920ల చివర కాజీపేట, బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా నడిచే గ్రాండ్ ట్రంక్ మార్గం ఇటుగా సాగింది. యుద్ధం ముదిరాక దేశమంతటా సైన్యానికి, సరుకుకే మొదటి చోటు దక్కింది. ఇంజన్లు, వ్యాగన్లు, పట్టాలు పశ్చిమాసియాకు తరలాయి. రైల్వే వర్క్‌షాపుల్లో ఆయుధ సామగ్రి తయారైంది. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలనే యుద్ధ అవసరాల కోసం 1940లో పీకేశారు. అది మళ్లీ మొదలయ్యేసరికి 2004 వచ్చింది.

అవసరమైతేనే ప్రయాణించమని రైల్వేలు ప్రచారం చేశాయి. బ్రిటన్‌లోనూ ఇదే మాట. సెలవులు ఇంటి దగ్గరే గడపమని అక్కడి ప్రభుత్వం కోరినా జనం సముద్రతీరాలకు వెళ్లడం మానలేదు. ఇక్కడ మాత్రం విహారం కొద్దిమందిదే. తగ్గిన బండ్ల భారమంతా మూడో తరగతి జనం మీద పడింది, అది న్యాయం కాదు. బస్సు ఎక్కుదామన్నా పెట్రోలుకు రేషను. చాలా బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాక తీరప్రాంతాల్లో రైలు ప్రాణభయంతో ఊరు విడిచేవారికీ ఆధారమైంది.