గాయం, అవమానం: 295-ఎ సెక్షన్ పుట్టుపూర్వోత్తరాలు

ఒక గ్రంథం మీదనో చలనచిత్రం మీదనో పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదైన మరునాడు తెలుగు దినపత్రికల్లో తప్పక కనిపించే వాక్యం ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్నది. వాడుకలో ఇది ఎంత స్థిరపడిందంటే, చట్టంలో నేరానికి పెట్టిన పేరే ఇదని చాలామంది భావిస్తారు. నిజానికి మతభావాలను నొప్పించే మాటలకు, చేష్టలకు సంబంధించి భారతీయ శిక్షాస్మృతి రెండు వేర్వేరు నేరాలను చెప్పింది. మొదటిది 1860 నాటిది, గాయాన్ని గురించినది. రెండవది 1927 నాటిది, అవమానాన్ని గురించినది. తెలుగు పదబంధం ఈ రెండింటినీ ఒక్కటి చేసింది. ఈ కలగలుపు వల్ల భావప్రకటనా స్వేచ్ఛపై జరిగే చర్చలో ఒక ముఖ్యమైన భేదం మరుగున పడిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

మెకాలే నాయకత్వంలో 1837లో సిద్ధమైన ముసాయిదాయే శిక్షాస్మృతికి మూలం. మతచర్చకు అవకాశం ఉంచుతూనే, చర్చ పేరిట ఎదుటివారిని కావాలని నొప్పించడాన్ని అడ్డుకోవాలన్నది ముసాయిదాకర్తల ఆలోచన. ఆ ఆలోచనకు రూపం 298వ సెక్షన్. ఒక వ్యక్తి మతభావాలను గాయపరచాలన్న బుద్ధిపూర్వకమైన ఉద్దేశంతో అతడు వినేటట్లు మాట పలకడం, ధ్వని చేయడం, అతడు చూసేటట్లు సైగ చేయడం, ఏదైనా వస్తువును ఉంచడం నేరం. గరిష్ఠ శిక్ష ఏడాది. ఇందులో రాత ప్రస్తావన లేదు. ఇది ముఖాముఖి నేరం. గాయపడ్డవాడు ఎవరో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దీన్ని బెయిలుకు వీలైన నేరంగా ఉంచి, గాయపడిన వ్యక్తి సమ్మతిస్తే రాజీకి కూడా అనుమతించింది. నొప్పి ఎవరిదో, క్షమించే హక్కూ వారిదే. పల్లె రచ్చబండకు పరిచయమున్న న్యాయమే ఇది.

రాత సమస్యగా మారినది లాహోర్‌లో. మతాంతరీకరణ, శుద్ధి ఉద్యమాల మధ్య స్పర్ధ తీవ్రంగా ఉన్న 1924లో మహమ్మద్ ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని ఎగతాళి చేస్తూ ‘రంగీలా రసూల్’ అనే కరపుస్తకం రచయిత పేరు లేకుండా వెలువడింది. ప్రచురణకర్త రాజ్‌పాల్‌పై 153-ఎ సెక్షన్ కింద కేసు పెట్టారు. అది వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్ని నిషేధించే సెక్షన్. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1927 మేలో హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ ఆ శిక్షను రద్దు చేశారు. రచన దుష్టమైనదేనని అంగీకరిస్తూనే, మరణించిన మతనాయకునిపై విమర్శ ఎంత నీచంగా ఉన్నా 153-ఎ పరిధిలోకి రాదని ఆయన తీర్పు. పంజాబ్‌లో ఆందోళన చెలరేగింది. తీర్పును నిందించిన ‘ముస్లిం ఔట్‌లుక్’ పత్రిక సంపాదకుడు కోర్టు ధిక్కారం కింద జైలుకు వెళ్లాడు. మతాన్ని అవమానించినవాడు విడుదల కాగా, న్యాయమూర్తిని విమర్శించినవాడు శిక్ష అనుభవించడం ఆనాటి స్వేచ్ఛా భావన ఎంత వంకరగా ఉండేదో చెబుతుంది.

కొద్ది నెలలకే అమృత్‌సర్ పత్రిక ‘రిసాలా-ఇ-వర్తమాన్’ కేసులో అదే హైకోర్టు ధర్మాసనం అటువంటి రచనకు 153-ఎ వర్తిస్తుందని తేల్చింది. అంటే కొత్త చట్టం అవసరమా అన్న ప్రశ్నకు చోటు ఏర్పడింది. అయినా ప్రభుత్వం ఆగలేదు; 1927 సెప్టెంబరులో కేంద్ర శాసనసభ 295-ఎ సెక్షన్‌ను ఆమోదించింది.

అయితే బిల్లు వచ్చిన రూపంలోనే పోలేదు. సంస్కరణ కోరేవాడు జనాన్ని కదిలించడానికి పరుషంగా రాయవచ్చునని, అతనికి రక్షణ ఉండాలని సెలెక్ట్ కమిటీ గుర్తించింది. మతాన్ని నిజాయితీగా విమర్శించేవారిని కాపాడాలని సభలో వాదించినవారిలో జిన్నా ఒకరు. ‘బుద్ధిపూర్వకమైన, ద్వేషపూరితమైన ఉద్దేశం’ అన్న షరతు సెక్షన్‌లో చేరినది ఈ దశలోనే. దీనితో తూకం పాఠకుని గాయం నుండి రచయిత ఉద్దేశానికి మారింది; వ్యక్తి స్థానంలో ‘పౌరుల వర్గం’ వచ్చింది. పాఠకుడు నొచ్చుకున్నాడన్నది ఇక్కడ చాలదు.

చట్టం రాజ్‌పాల్‌ను కాపాడలేదు. 1929 ఏప్రిల్‌లో ఇల్ముద్దీన్ అనే యువకుడు ఆయనను పొడిచి చంపాడు, అక్టోబరులో ఉరికంబమెక్కాడు. అప్పీలులో ఇల్ముద్దీన్ తరఫున వాదించినది జిన్నాయే.

స్వతంత్ర భారతంలో రాంజీలాల్ మోదీ కేసులో 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించింది. 19(2) అధికరణంలో మతభావాల ప్రస్తావన లేదు కనుక కోర్టు ‘ప్రజాశాంతి’ని ఆధారం చేసుకున్నది. అజాగ్రత్తగానో, ద్వేషబుద్ధి లేకుండానో చేసిన అవమానం నేరం కాదని కూడా అదే తీర్పు చెప్పింది. చిక్కు విధానంలో ఉన్నది. 1973 కోడ్ ప్రకారం 295-ఎ కింద పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు, రాజీ కుదరదు. ప్రభుత్వ అనుమతి కావలసినది కోర్టు కేసును స్వీకరించే దశలోనే. అరెస్టుకు ఒకరి గాయం చాలుతోంది, ఉద్దేశ పరీక్ష విచారణ చివర జరుగుతోంది. 1927 నాటి సభ్యులు కోరిన రక్షణ రచయితకు అందేసరికి శిక్షలో సగం గడచిపోతుంది.

తెలుగు సాహిత్యానికి ఇది పరాయి విషయం కాదు. త్రిపురనేని రామస్వామి ‘శంబూకవధ’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ వంటి పౌరాణిక పునర్మూల్యాంకనాలను తరగతిలో చెబుతున్నప్పుడు ముఖం చిన్నబుచ్చుకున్న విద్యార్థులను ఈ వ్యాసకర్త చూసింది. ఆ నొప్పి బూటకం కాదు. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత అధ్యాపకురాలిపై ఉంది. కానీ ఆ నొప్పి నుండి రచయిత ద్వేషబుద్ధిని రుజువు చేయలేము. సెలెక్ట్ కమిటీ దృష్టిలో ఉంచుకున్న సంస్కర్త సరిగ్గా ఇటువంటి రచయితే.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 295-ఎ 299గాను, 298 302గాను కొనసాగుతున్నాయి. 299లో ‘ఎలక్ట్రానిక్ మాధ్యమాల’ ప్రస్తావన కొత్తగా చేరింది, ద్వేషపూరిత ఉద్దేశం షరతు అలాగే ఉంది. 302 మాత్రం నేటికీ ఒక మనిషి వినేంత, చూసేంత దూరంలో జరిగే నేరాన్నే చెబుతున్నది.