లేఫెంగ్ పగోడా: కూలినదీ, కట్టినదీ

ఒక పాత కట్టడం కూలిందని విని సంతోషించిన రచయితలు అరుదు. లూషున్ సంతోషించాడు. 1924 సెప్టెంబరు 25న హాంగ్జౌ నగరంలో పశ్చిమ సరస్సు ఒడ్డునున్న లేఫెంగ్ పగోడా కుప్పకూలింది. దానిమీద ఆయన ఆ ఏడే ఒక వ్యాసం, మరుసటి ఏడు మరొకటి రాశాడు. ఆ రెండూ మనసులో పెట్టుకునే నేను అదేచోట లేచిన కొత్త పగోడా చూడబోయాను.

రాజు కథ చిన్నది. వూయువే రాజ్యాన్నేలిన చియాన్ చూ దీన్ని 10వ శతాబ్దిలో కట్టించాడు. ఇటుకల తొర్రల్లో 975 నాటి అచ్చు సూత్రాల చుట్టలు పెట్టించాడు. ముద్రణ చరిత్రకు అమూల్యమైన ఆ చుట్టలు లోకానికి తెలిసింది పగోడా కూలాకనే! 16వ శతాబ్దిలో సముద్రపు దొంగలు నిప్పుపెడితే కొయ్య చూరులు కాలిపోయి ఇటుక మొండెం మిగిలింది.

ప్రజల కథ పెద్దది. ఒక తెల్లపాము స్త్రీ రూపం దాల్చి ష్యూ షియాన్ అనే సామాన్యుణ్ణి పెళ్లాడింది. ఫాహై అనే సన్యాసి ఆ కాపురం కూల్చి, ఆమెను భిక్షాపాత్రలో బంధించి ఈ పగోడా కింద పాతేశాడు. పగోడా కూలితేగాని ఆమెకు విముక్తి లేదు. 1624లో ఫెంగ్ మెంగ్‌లుంగ్ ప్రచురించిన కథలో ఆమె ఇంకా మాయావి. తీర్పు సన్యాసి పక్షమే. తర్వాతి తరాల్లో రంగస్థలం మీదా, కథకుల నోటా ఆ తీర్పు తిరగబడింది. పాము ఇల్లాలైంది, తల్లైంది. సన్యాసి దుర్మార్గుడయ్యాడు. ఏ ఒక్క రచయితో చేసిన మార్పు కాదది. లూషున్‌కు నాయనమ్మ చెప్పిన కథ ఇదే. అది ఎప్పుడు కూలుతుందా అన్నదే ఆ పసివాడి కోరిక.

అయితే ఆయన సంబరంతో ఆగలేదు. పగోడా మీద పిడుగేమీ పడలేదు. ఒక్క ఇటుక ఇంట్లో ఉంటే చాలు, మేలు జరుగుతుందని జనం ఏళ్లతరబడి ఒక్కొక్కటే ఊడబెరుక్కు పోయారు. మొదలు గుల్లయింది. కొత్తది కట్టే తలంపు లేకుండా ఎవడిమటుకు వాడు పట్టుకుపోయే విధ్వంసం శిథిలాలనే మిగులుస్తుందని రెండో వ్యాసంలో ఆయన బాధ. ప్రతి ఊరికీ పది దృశ్యాలు లెక్కగట్టి మురిసిపోయే అలవాటును రోగమన్నాడు. సరస్సు పది దృశ్యాల్లో ఈ పగోడా సాయంసంధ్య ఒకటి మరి! మనవాళ్లకు మొదటి వ్యాసమే ముద్దు. ప్రజల కథను మెచ్చుకోవడం తేలిక. ప్రజల మూఢత్వాన్ని ప్రజల పక్షాన నిలబడి తప్పుపట్టడం కష్టం.

2002లో ఆ పదో దృశ్యం తిరిగొచ్చింది. ఉక్కు చట్రం, రాగి కప్పు, లిఫ్టు, గుట్టెక్కడానికి కదిలే మెట్లు. లోపల ఒక అంతస్తులో తెల్లపాము కథంతా కొయ్యలో చెక్కారు. పనితనం గొప్పదే. కాని ఖైదీ కథను జైలుగోడకే అలంకారం చేస్తే దాన్నేమనాలి? చియాన్ చూ కోసమైతే ఇంత ఖర్చు ఎవరూ పెట్టరు. ఈ కట్టడాన్ని మళ్లీ లేపింది పాము కథే. ఆ కథ కోరిందేమో అది కూలాలని!

నేను ఎక్కువసేపు నిలబడింది కింద. అసలు పగోడా మొదలును, ఇటుకల గుట్టను ఉన్నవున్నట్టే ఉంచి చుట్టూ గాజు కట్టారు. 2001లో దీని కింది గదిలో వెండి స్తూపం దొరికింది. పాము దొరకలేదు. ఆ ఇటుకల మీద నాణేలూ నోట్లూ పరచుకుని ఉన్నాయి. మేలు జరుగుతుందని జనం విసిరినవి.