చిత్తరంజన్ దాస్ (1870–1925)

దేశబంధు బిరుదముచే ప్రసిద్ధుడైన వంగదేశ న్యాయవాది, స్వరాజ్యపక్ష నాయకుడు. కలకత్తాలో జన్మించి, లండనులో బారిష్టరై వచ్చినను, అలీపూరు బాంబు కేసులో అరవింద ఘోషు పక్షమున వాదించి 1909లో ఆయనను నిర్దోషిగా విడిపించువరకు ఈతని ప్రతిభ దేశమునకు పూర్తిగా తెలియలేదు. దివాలా తీసిన తండ్రి ఋణములను, చట్టము నిర్బంధింపకున్నను, 1913లో తీర్చివేయుట వాదపటిమకంటెను గొప్ప విషయము. సహాయనిరాకరణోద్యమమున, విశేష ధనార్జన గలిగిన వృత్తిని త్యజించి కారాగారమున కేగెను. 1922లో గయా కాంగ్రెసునకు అధ్యక్షుడై, శాసనసభలలో ప్రవేశించి ప్రభుత్వమును లోపలినుండియే స్తంభింపజేయవలెనను తన వాదము ఓడిపోగా, పదవిని విడిచి, మోతీలాల్ నెహ్రూతో గూడి స్వరాజ్యపక్షమును స్థాపించెను; ఆ పక్షము 1924లో బెంగాలు శాసనమండలియందు మంత్రుల జీతములనే నిరాకరింపజేసెను. అదే యేట కలకత్తా మేయరై, 1925 జూన్ 16న డార్జిలింగులో మరణించెను.