మాట పోర్చుగీసుది, వెలి మనది

యూనివర్సిటీ చర్చల్లో ఒక వాదన తరచుగా వినపడుతుంటుంది. "కాస్ట్ అనే మాటే మనది కాదు, పోర్చుగీసు వాళ్ళది. కాబట్టి కులవ్యవస్థ కూడా విదేశీయులు అంటగట్టిందే" అని. మొదటి సగం నిజమే. ఆ నిజాన్ని ముందు చూపించి వెనకాల అబద్ధాన్ని అమ్ముతున్నారు. అందుకే ఈసారి ఈ చిన్న మాట చరిత్ర చూద్దాం.

పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో 'కాస్తా' అంటే వంశం. పశువుల్లో, మొక్కల్లో రకం అని కూడా. పోర్చుగల్‌లో ద్రాక్ష రకాలను ఇప్పటికీ కాస్తా అనే అంటారు. దాని మూలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. లాటిన్‌లో 'శుద్ధమైన' అనే అర్థమున్న 'కాస్టుస్' నుంచి వచ్చిందని కొందరు, జంతువుల గుంపును చెప్పే గోతిక్ మాట నుంచి వచ్చిందని కొందరు అంటారు. 16వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన పోర్చుగీసు వాళ్ళు, పుట్టుకను బట్టి పెళ్ళి, కూడు, పని తేలిపోయే సమాజాన్ని చూసి తమ దగ్గరున్న మాటను దానికి తగిలించారు. వాళ్ళు పేరు పెట్టేనాటికే ఆ సమాజం ఇక్కడ ఉంది.

ఇంగ్లీషులోకి వెళ్ళాక ఇది ఇంకో మాటతో కలగలిసింది. స్కాండినేవియా భాష నుంచి వచ్చిన 'కాస్ట్' అప్పటికే అక్కడ ఉంది. దాని అసలు అర్థం విసిరివేయడం. వల వేయడం, ఓటు వేయడం, లోహాన్ని పోత పోయడం, సినిమాకు నటుల్ని ఎంచడం, అన్నిటికీ అదే మాట. 1800 ప్రాంతం దాకా రెండిటి స్పెల్లింగూ దాదాపు ఒకటే. కులానికి వాడే మాట చివర 'ఈ' అక్షరం ఫ్రెంచి ప్రభావంతో తర్వాత స్థిరపడింది. గెంటివేయబడినవాడు అనే అర్థంలో 'అవుట్‌కాస్ట్' అంతకుముందు నుంచే ఉంది. దాని చివర కూడా ఒక అక్షరం చేర్చి మనకు తగిలించారు.

తెలుగులో ఈ గందరగోళం లేదు. వెలి వేయడం అంటాం, వెలివాడ అంటాం. ఊరూ వాడా విడిపోవడానికి పోర్చుగీసు మాట అవసరం పడలేదు. 5వ శతాబ్దం మొదట్లో ఉత్తరాదికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ఏం రాశాడో చూడండి. చండాలురు జనానికి దూరంగా బతికేవారు. నగరంలోకి వస్తే కర్ర చప్పుడు చేస్తూ రావాలి, అది విని మిగతావాళ్ళు తప్పుకోవాలి. 1498లో వాస్కోడగామా కేరళ తీరం చేరడానికి వెయ్యేళ్ళకు పైగా ముందటి సంగతి ఇది.

బ్రిటిష్ వాళ్ళ పాత్ర లేదని కాదు. జనాభా లెక్కల్లో కులాలను పట్టికలకెక్కించారు. 1901లో రిస్లీ ఎవరు పైన, ఎవరు కింద అని వరసలు కట్టించాడు. వర్ణం, కులం, ఉపకులం అనే వేరువేరు సంగతుల్ని ఒకే మాటలో కుక్కారు. కానీ పట్టిక రాసినవాడు వేరు, మంచినీళ్ళ బావి దగ్గర మనల్ని ఆపినవాడు వేరు.

ఇప్పుడు ఆ మాట కోసమే పోరాటం నడుస్తోంది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగరం వివక్షను నిషేధించే చట్టంలో కాస్ట్ అనే మాట చేర్చింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును, ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో పనిచేసే చోట్లివి. చట్టంలో పేరు లేని వివక్ష మీద ఫిర్యాదు చేయాలంటే, అసలు అలాంటిదొకటి ఉందని నిరూపించడంతోనే మొదలుపెట్టాలి.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, రోహిత్ వేములతో సహా హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్‌లోనే శిబిరం వేసుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు వెలివాడ. కులం విదేశీ సరుకని మీతో ఎవరైనా వాదిస్తే, వెలివాడ ఏ దేశపు మాటో చెప్పమనండి.

జై భీమ్.