పేరు తీసేసినా ఊరు చెబుతుంది: నెల్లూరు మెట్ట ప్రాంత పరిశోధనల్లో నైతిక సమీక్ష, సమాచార రక్షణ

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో పరిశోధకులకు అంశాల కొరత ఎప్పుడూ లేదు. ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం వైపు వెళ్తే నీళ్ళలో ఫ్లోరైడ్, వానలు మొహం చాటేస్తే పనులకోసం ఊరు విడిచే కుటుంబాలు. ఆత్మకూరు, అనంతసాగరం, మర్రిపాడు వైపు యానాదుల బతుకు. అనుమసముద్రంపేట దర్గాకు జబ్బు నయమవుతుందన్న నమ్మకంతో వచ్చే జనం. ఉదయగిరిలో నర్ది కొయ్యతో చెంచాలు, గరిటెలు చేసి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చేతిపనివాళ్ళు. వైద్యం, సమాజశాస్త్రం, తెలుగు, ఏ శాఖ విద్యార్థికైనా ఇక్కడ ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడా విషయం దొరుకుతుంది. అయితే అన్నిచోట్లా ఉన్న పరిస్థితి ఒకటే. చెప్పేవాళ్ళు లేనివాళ్ళు, రాసుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిన మాట మీద చెప్పినవాళ్ళకు మళ్ళీ అధికారం ఉండదు. ఆ మాటను కాపాడే బాధ్యత ఎవరిదన్నదే ఈ వ్యాసం చర్చించే విషయం. చిన్న ఊళ్ళలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి మరుగున పడడని, అందుకే పరిశోధన ఏ శాఖదైనా క్షేత్రానికి బయల్దేరకముందే దాని ప్రణాళికను ఒక స్వతంత్ర సంఘం చదివి తీరాలని నా వాదన.

వివరాలు రాసుకుంటే ఎవరికేం నష్టమని అడిగేవాళ్ళు ఈ జిల్లా చరిత్రనే చూడాలి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వర్తించింది. ఉదయగిరికి తూర్పున ఉన్న కావలిలో ఎరుకల కుటుంబాల కోసం అమెరికన్ బాప్టిస్టు మిషనరీల నిర్వహణలో సెటిల్‌మెంటు నడిచింది. చట్టం కింద నమోదైన మనిషి పేరు, వేలిముద్ర రిజిస్టరులో ఉండేవి. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ రిజిస్టర్ల వెనక అప్పటి పండితుల విద్య కూడా ఉంది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ కులాల వారీగా తలలు, ముక్కులు కొలిచి, రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. ఆ కొలతల విద్యనే పోలీసులకూ బోధించాడు. కొలిపించుకున్నవాళ్ళకు ఆ కొలతలు ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. రద్దు కోసం పోరాడినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఒకరు. యానాదుల మీద 1962లో ఆయన రాసిన గ్రంథం వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిది. థర్‌స్టన్‌కూ రాఘవయ్యకూ సమాచారం దొరికింది ఇంచుమించు ఇలాంటి జనం దగ్గరే. దాన్ని ఎవరి కోసం, ఎవరి ఎరుకలో వాడారన్నదే తేడా.

ఈ నేల మీద జరిగిన పరిశోధన మేలు కూడా చేసింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం ప్రచురించారు. మన దేశంలో ఆ వ్యాధి గురించి తొలి శాస్త్రీయ వివరణలు ఆ ఏడు వెలువడినవే. అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, కనిగిరి కూడా కలిసే ఉండేవి. అవి ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది 1970లో. నీళ్ళ లోపం బయటపెట్టకపోతే రక్షిత నీటి పథకాలు అడిగే ఆధారమే ఉండేది కాదు. కనుక పరిశోధన వద్దనే మాట నాది కాదు. అయితే ఫలానా ఊరి నీళ్ళు చెడ్డవని అచ్చయ్యాక ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడే పరిస్థితి నల్లగొండ జిల్లాలో లోకానికి తెలిసిందే. ఏ ఒక్కరి పేరూ రాయకుండానే ఊరందరికీ మచ్చ పడింది. వ్యక్తి సమ్మతి తీసుకున్నంత మాత్రాన ఈ నష్టానికి జవాబు దొరకదు.

ఆ వ్యాస రచయితల్లో ఒకరైన సి.జి. పండిట్ తరవాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ అయ్యారు. మానవ పరిశోధనల నైతికత మీద మన దేశంలో మొదటి విధాన ప్రకటన చేసింది ఆ మండలే, 1980లో. 2000, 2006లలో వచ్చిన మార్గదర్శకాలను 2017లో విస్తరించి మళ్ళీ వెలువరించింది. వాటి ప్రకారం నైతిక సమీక్షా సంఘంలో ఏడు నుంచి పదిహేను మంది ఉండాలి. అధ్యక్షులు బయటివారై ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రవేత్త, సామాన్య పౌరుల తరఫున ఒకరు తప్పనిసరి. వ్యక్తికి జరిగే హానితో పాటు సమూహానికి జరిగే హానినీ తూచమని ఆ మార్గదర్శకాలు అడుగుతాయి. వైద్య, ఆరోగ్య పరిశోధనలు చూసే సంఘాలు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలని 2019 నిబంధనలు చెప్పాయి.

సంఘం ఉంటే చాలదని నేర్పింది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. ఆ సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. కానీ సమ్మతి విషయంలో బయటపడింది వేరు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. చాలామంది గిరిజన పిల్లలు, తల్లిదండ్రులు ఎక్కడో ఊళ్ళో. నైతిక సంఘాల అనుమతి కాగితాలు ఆ పనికి ఉన్నాయి. అడగాల్సినవాళ్ళను అడిగారా అన్నది చూసినవాళ్ళే లేరు.

మెట్ట ఊళ్ళలో వార్డెన్ పాత్ర వేరేవాళ్ళు పోషిస్తారు. పరిశోధక విద్యార్థి ఊళ్ళోకి వస్తే మొదట కలిసేది సచివాలయ ఉద్యోగినో, ఆశా కార్యకర్తనో, బడి పంతులునో, పెద్ద రైతునో. వాళ్ళు పిలిస్తే యానాది కుటుంబం కాదనలేదు. పింఛను, రేషను, కూలి, అన్నీ వాళ్ళతో ముడిపడినవే. ‘చెప్పమ్మా, సార్ రాసుకుంటారు’ అని వాళ్ళలో ఒకరు పక్కన నిలబడి ఉండగా వచ్చిన అంగీకారాన్ని సమ్మతిగా లెక్కించకూడదు. వెట్టిచాకిరి గురించి, అప్పు గురించి ఆ రైతు ముందే అడిగితే వచ్చే జవాబుకు పరిశోధన విలువ కూడా ఉండదు. నైతికత, శాస్త్రీయత ఇక్కడ ఒకే చోట తప్పుతున్నాయి.

ఇక పేర్ల సంగతి. మన సిద్ధాంత గ్రంథాల్లో సమాచారదాత పేరు మార్చి, కులం, వయసు, ఊరు, వృత్తి మాత్రం యథాతథంగా రాస్తారు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే నలభై ఏళ్ళ ఒంటరి మహిళ అని రాస్తే ఆమె ఎవరో ఆ బజారులో అందరికీ తెలుస్తుంది. ఇది పల్లెలకే ఉన్న చిక్కు కూడా కాదు. అమెరికాలో పేర్లు తీసేసి విడుదల చేసిన వైద్య రికార్డుల నుంచి మాసచూసెట్స్ గవర్నర్ రికార్డును లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు గుర్తుపట్టి చూపింది. పుట్టినరోజు, లింగం, పిన్‌కోడ్ లాంటి ప్రాంత సంఖ్య, ఈ మూడూ ఉంటే అక్కడి జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చని 2000లో ఆమె అంచనా. కోట్ల జనంలోనే అంతైతే నూరు గడపల ఊళ్ళో ఎంతో ఊహించుకోవచ్చు.

ఒకప్పుడు ఇలాంటి సిద్ధాంత గ్రంథం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక అరలో ఉండేది. ఇప్పుడు పిహెచ్.డి. గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భండారంలోకి ఎక్కుతున్నాయి, ఊరి పేరు కొడితే ఎవరి ఫోనులోనైనా తెరుచుకుంటాయి. జ్ఞానం అందరికీ అందడం మంచిదే. కానీ ఎక్కించే ముందు జరిగే పరీక్ష ఏమిటి? 2018 యూజీసీ నిబంధనల ప్రకారం గ్రంథచౌర్యం శాతం లెక్క కడతారు. 2019లో పరిశోధకులందరికీ తప్పనిసరి చేసిన రెండు క్రెడిట్ల పరిశోధన, ప్రచురణ నైతికత కోర్సులో ఆరు భాగాలున్నాయి. తత్త్వశాస్త్రం, శాస్త్రీయ ప్రవర్తన, ప్రచురణ నీతి, స్వేచ్ఛా ప్రచురణ, ప్రచురణలో అక్రమాలు, డేటాబేసులు. సమాచారమిచ్చిన మనిషి కోసం విడిగా ఒక్క భాగమూ లేదు. ఎదుటి రచయిత వాక్యాన్ని కాపాడుతున్నాం, ఎదుట కూర్చున్న మనిషిని కాపాడటం లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

చట్టం వైపు చూస్తే, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తరవాత అమలయ్యేలా. సమ్మతి అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో కోరితే ఆ భాషలో ఇవ్వాలి. కాబట్టి ఆ బాధ్యతలు అమల్లోకి వచ్చాక తెలుగులో అడిగించుకోవడం ఆత్మకూరు మనిషికి హక్కు. అయితే పదిహేడో సెక్షను పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది. అందుకు షరతులు రెండు: సమాచారంతో ఆ వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. అవసరమైనంతే సేకరించడం, అవసరమున్నంత కాలమే ఉంచుకోవడం, భద్రంగా దాచడం ఆ ప్రమాణాల్లో ఉన్నాయి. కంప్యూటరులోకి ఎక్కని నోటు పుస్తకానికి ఈ చట్టం వర్తించదు. ఊరికి, కులానికి జరిగే హానిని ఇది పట్టించుకోదు. ఆరోగ్యం, కులం లాంటి వివరాలకు ప్రత్యేక వర్గమూ ఏర్పరచలేదు. చట్టం వదిలేసిన ఈ ఖాళీని పూరించాల్సింది విశ్వవిద్యాలయ సంఘమే.

ఆ సంఘం అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడి బతుకులోంచే రావాలి. సమ్మతి అడిగేటప్పుడు పక్కన ఎవరుంటారు? సంతకం రానివాళ్ళ నోటిమాట ఎలా నమోదు చేస్తారు? రికార్డు చేసిన గొంతులు పరిశోధకుడి సొంత ఫోనులోనే ఉండిపోతాయా, పర్యవేక్షకుడి వాట్సాప్‌కు పోతాయా, పట్టా వచ్చాక ఎవరు చెరిపేస్తారు? ఊరి పేరు రాయడం నిజంగా అవసరమా, మండలం పేరు సరిపోదా? ఫ్లోరైడ్ లెక్కలాంటిదైతే ఊరి పేరు రాయాల్సిందే, అప్పుడు ఫలితాన్ని అచ్చుకు ముందే ఆ ఊళ్ళో చదివి వినిపించారా? ఒక పని కోసం ఇచ్చిన సమాచారాన్ని మరో పనికి వాడితే మళ్ళీ అడుగుతారా? 2021లో కరోనాకని కృష్ణపట్నంలో పంచిన మందు తీసుకున్నవాళ్ళ ఫోన్ నంబర్లే తరవాత ఆయుర్వేద బృందాల అధ్యయనానికి ఆధారమయ్యాయి. మందుకోసం ఇచ్చిన నంబరుకు అధ్యయనం పేరుతో ఫోను వస్తుందని ఇచ్చినవాళ్ళు అనుకుని ఉండరు.

ఇలాంటి సమీక్ష పరిశోధనను ఆలస్యం చేస్తుందని కొందరు ఆచార్యుల అభ్యంతరం. ప్రమాదం తక్కువున్న ప్రణాళికలను త్వరగా చూసి పంపే పద్ధతి 2017 మార్గదర్శకాల్లోనే ఉంది కనుక అది నిలవదు.

2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఈ జిల్లాదే. దానికీ, మెట్టకు విద్యార్థులను పంపే ఇతర విశ్వవిద్యాలయాలకూ నా విన్నపం: వైద్యానికే పరిమితం కాకుండా అన్ని శాఖల క్షేత్ర పరిశోధననూ చదివే సంఘాన్ని నిలబెట్టండి. అందులో సామాన్యుల తరఫు స్థానాన్ని నగరంలోని ఓ పెద్దమనిషికి కాకుండా ఉదయగిరి, ఆత్మకూరు ఊళ్ళ యానాది, ఎరుకల కుటుంబాల నుంచి వచ్చిన ఒకరికి ఇవ్వండి. ఆ సంఘం అనుమతి పత్రం జతపరచని సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకు తీసుకోకండి.